యేసమ్మ పట్టిన నీళ్లు

మా పేటలో ఎవరింటికి చుట్టం వచ్చినా మంచినీళ్లు యేసమ్మ ఇంటి నుంచే వచ్చేవి. పాస్టరుగారు ఆదివారం ప్రసంగం మధ్యలో తాగే గ్లాసు కూడా ఆమె కుండలోదే. అందరం ఒక్క చెరువు నీళ్లే తాగేవాళ్లం. కాని ఆమె పట్టిన నీళ్లంత తేటగా ఇంకెవరికీ కుదిరేవి కావు.

మోకాలి లోతుకు దిగేది. బిందె అడుగుతో పైనున్న నాచును మూడుసార్లు అవతలికి తోసేది. బిందె మూతికి పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి కట్టి, అప్పుడు ముంచేది. ఇంటికి తెచ్చాక పటిక ముక్క పట్టుకుని నీళ్లలో తిప్పి వదిలేది. మడ్డి అడుక్కి దిగాక పైతేట మాత్రం కుండలోకి వంచేది. కోడలు సుగుణ ఎంత అడిగినా ఆ పని ఆమె చేతికి ఇచ్చేది కాదు.

యేసమ్మ పుట్టింది అత్తిలి దగ్గర. మిషను బళ్లో మూడో తరగతి దాకా చదివి, పదిహేనో ఏట విశ్వాసం అనే ఆయనకు భార్యగా కొల్లేటి ఒడ్డున ఉన్న మా పేటకు వచ్చింది. ముప్పై ఏళ్లు ఈ చేలల్లో నాట్లు వేసింది, కలుపు తీసింది, కోతలు కోసింది. విశ్వాసం పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ కూలితోనే పెంచింది. తర్వాత ఆ చేలన్నీ ఒక్కొక్కటే చేపల చెరువులయ్యాయి. చేపకి నాటు వెయ్యక్కర్లేదు, కలుపు తియ్యక్కర్లేదు. దాంతో యేసమ్మా అక్కర్లేకపోయింది.

సరే, కూలి పోతే పోయింది, నీళ్లయినా మిగలాలి కదా. వెంకట్రాజుగారు తన నలభై ఎకరాల్లో తవ్వించిన చేపల చెరువు సరిగ్గా మా మంచినీళ్ల చెరువు పక్కనే వచ్చింది. చేపల మేతకని అందులోకి లారీల కొద్దీ కోళ్ల పెంట దించేవారు. చేప పట్టినప్పుడల్లా ఆ పచ్చటి నీళ్లను మోటారుతో పంట బోదె కాలవలోకి తోడేవారు. ఆ బోదె నీళ్లే మా మంచినీళ్ల చెరువులోకి వచ్చేవి. ఏం జరుగుతోందో తెలియడానికి పరీక్షలు అక్కర్లేదు, ముక్కుంటే చాలు.

రెండు వేల ఆరులో కొల్లేరు లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం మిషన్లతో కొట్టించినప్పుడు మేం చాలా ఆశపడ్డాం. కాని రాజుగారి చెరువు కొల్లేరు హద్దుకు బయట ఉందన్నారు. హద్దుకు బయట ఉన్నవాళ్లు ఏ నీళ్లు తాగినా ఫరవాలేదన్నట్టు ఆ మిషన్లు వెనక్కి వెళ్లిపోయాయి. మరుసటేడు వానాకాలంలో పేట పిల్లలందరికీ విరేచనాలు పట్టుకున్నాయి. యేసమ్మ మనవరాలు జెస్సీ ఏలూరు ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైన్ మీద ఉంది.

ఆగస్టులో ఏలూరు కలెక్టరాఫీసుకి అర్జీ రాశాం. రాసింది నేను. పేట బళ్లో మేష్టార్ని కాబట్టి ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. మొదటి సంతకం యేసమ్మది. ఆ మోటారు నీళ్లు బోదెలోకి వదలకుండా ఆపించండి అని మాత్రమే అడిగాం.

నవంబరులో నీళ్లు పరీక్షకు తీసుకెళ్లడానికి ఏలూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పేరు అచ్యుతరావు. ఆయన వస్తున్నట్టు రాజుగారికి ముందే కబురు తెలుసు. అర్జీ పెట్టుకున్న మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను బళ్లో ఉన్నాను, జరిగింది తర్వాత విన్నదే. జీపు మంచినీళ్ల చెరువు గట్టున ఆగింది. ముందు రోజు వాన పడి రేవంతా బురదగా ఉంది. అచ్యుతరావుగారు ఆ బురదని చూశాడు, తన బూట్లని చూసుకున్నాడు. ఖాళీ సీసా ఒకటి తీసి, అక్కడ నిలబడ్డ యేసమ్మ చేతికిచ్చి, చెరువు నీళ్లు పట్టి ఇమ్మన్నాడు. తను వెళ్లి రాజుగారి షెడ్డులో కొబ్బరిబొండం తాగాడు.

రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. చెరువు నీరు తాగడానికి యోగ్యంగా ఉందట, చేపల పెంపకం వల్ల ఎలాంటి హానీ కనబడలేదట. ఆ కాగితం పట్టుకుని నేరుగా యేసమ్మ ఇంటికి వెళ్లాను. ఆ రోజు నీళ్లు ఎక్కడ పట్టావని అడిగాను.

"మా కుండలోవే బాబూ. పొద్దున్న చెరువులో ముంచినవే. ఏలూరు నుంచి ఎండన పడి వచ్చిన పెద్దమనిషి సీసా చేతికిస్తే, నాచు నీళ్లు ఎలా పోసిస్తాం చెప్పండి? సీసా కూడా మూడుసార్లు కడిగాను."

నాకు ఒళ్లు మండిపోయింది. పేట మొత్తాన్నీ ముంచేశావని గట్టిగా అరిచాను. ఆ ఆదివారం ఆమె గుడికి రాలేదు. పాస్టరుగారు ఆ రోజు నీళ్లు తాగకుండానే ప్రసంగం ముగించారు.

ఆమె మీద అరిచినందుకు ఈ రోజుకీ సిగ్గుపడతాను. అరవవలసింది ఆమె మీద కాదని, ఇంటికొచ్చి రిపోర్టు మళ్లీ చదివితే గాని తెలియలేదు. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: "నీటి నమూనాను స్వయంగా చెరువు నుంచి సేకరించడమైనది." ఇంటికి వచ్చినవాడికి మంచినీళ్లివ్వాలనుకున్న మనిషి చేసిందాన్ని పొరపాటు అనొచ్చు. బురదలో కాలు పెట్టనివాడు పెట్టినట్టు రాసుకుంటే దాన్ని మాత్రం పొరపాటు అనను. జీతం తీసుకుని, జీపెక్కి, మా పిల్లల ప్రాణం మీదకి తెచ్చే అబద్ధం రాశాడు. ఆ వాక్యం యేసమ్మకు చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని తనే మళ్లీ వేలు పెట్టి చదువుకుంది. సోమవారం ఏలూరు బస్సు ఎన్నింటికని అడిగింది.

సోమవారం ఏలూరులో అర్జీలు తీసుకునే రోజు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. యేసమ్మ సంచిలో ఒక సీసా ఉంది. తెల్లారి రేవులో గుడ్డ కట్టకుండా, నాచు తొయ్యకుండా ముంచిన నీళ్లు. కాపరానికి వచ్చాక అలా ముంచడం అదే మొదటిసారట. వరసలో మూడు గంటలు నిలబడ్డాం. బల్ల దగ్గరికి వచ్చేసరికి పెద్ద ఆఫీసరు పక్కన అచ్యుతరావుగారు కూడా ఉన్నాడు. యేసమ్మ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

అచ్యుతరావుగారు సీసాని పక్కకి జరిపి, "జనం తెచ్చిన నీళ్లు చెల్లవమ్మా. మేమే వచ్చి పట్టుకోవాలి. అది రూలు" అన్నాడు.

యేసమ్మ గొంతు పెంచలేదు. "పోయినసారీ నేనే పట్టి ఇచ్చానండీ. తేటగా ఉన్నాయని అవి చెల్లినాయాండీ?"

పెద్ద ఆఫీసరు తలెత్తాడు. ఆమె కొంగుముడి విప్పి మడత కాగితం ఒకటి ఆయన ముందు పెట్టింది. రాత్రే రాసుకుందట, నాకు కూడా చూపించలేదు. పోయినసారి సీసాలో పోసినవి గుడ్డలో వడకట్టి పటిక తిప్పిన తన కుండ నీళ్లని, ఆఫీసరుగారు రేవులోకి దిగలేదని, తప్పయితే తననే శిక్షించమని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. కింద తన పేరు రాసింది. పెద్ద ఆఫీసరు ఆ కాగితం రెండుసార్లు చదివి అచ్యుతరావుగారి వైపు చూశాడు. మమ్మల్ని వెళ్లి రమ్మన్నాడు.

వెంటనే కదిలారనుకునేరు. ఇంకో రెండు నెలలు గడిచాయి. ఒక మనిషిని మోకాలి లోతు నీళ్లలోకి దింపడానికి మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా రాజుగారు రెండుసార్లు చేప పట్టి, రెండుసార్లూ మోటారు వేశారు. ఆ నీళ్లు మేం తాగాం. ఏం చేస్తాం, వేరే నీళ్లు లేవు.

ఏప్రిల్లో జీపు వచ్చింది. ఈసారి పేటంతా రేవు దగ్గరే ఉన్నాం. తర్వాత ఆ నీళ్లు తాగడానికి పనికిరావని రిపోర్టు వచ్చింది, బోదెలోంచి రాజుగారి పైపు తీయించారు. కాని ఆ రోజుకి మాకు అవేమీ తెలియవు. మేం చూడాలనుకున్నది ఒక్కటే, ఆయన దిగుతాడా లేదా అని. అచ్యుతరావుగారు సీసా తీసి అలవాటుగా యేసమ్మ వైపు చాచాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

ఆయన బూట్లు విప్పాడు. పాంటు మడిచి, రెండు మెట్లు దిగి, అక్కడే వంగి సీసా ముంచబోయాడు.

"ఇంకొంచెం లోపలికండీ," అంది యేసమ్మ, ఎప్పటి మర్యాదతోనే. "మేం అక్కడ ముంచుకుంటామండీ."