దియోలిందా నల్లపావడాలు

మా పోర్చుగల్ రేవులో మొగుణ్ణి సముద్రం తీసుకుంటే ఆడది చచ్చేదాకా నలుపే కడుతుంది. ఒడ్డున ఎండుచేపలమ్మే దియోలిందక్కకు ఒకదాని మీద ఒకటి కట్టే ఏడు పావడాలూ నలుపే. పడవల కోసం చలిలో ఎదురుచూస్తూ ఒకటి తలకీ, ఒకటి భుజాలకీ కప్పుకునే పావడాలవి. టూరిజం ఆఫీసువాడి కంటికి మాత్రం అవి వేషంలా కనిపించాయి.

నిన్న వాడొచ్చి ఆమె చేపల మీదే ఒక పువ్వుల పావడా పడేశాడు.

"ఫొటోల్లో నలుపు బాగుండట్లేదమ్మా. రేపట్నుంచి ఇది కట్టు. లేదంటే ఈ చోటు ఇంకొకరికిస్తాం."

"నా మొగుడు ఇంకా ఆ నీళ్ళలోనే ఉన్నాడు బాబూ," అందామె.

"ఎన్నేళ్ళ కిందటి మాట! ఇంకా ఏడుపేనా?" అని నవ్వాడు.

పక్కనే చేపలు తిరగేస్తున్న నాకు ఒళ్ళు మండిపోయింది. "షాపులో బొమ్మలనుకున్నావట్రా మమ్మల్ని, నీకు నచ్చిన గుడ్డ చుట్టడానికి? మీ అమ్మ పోయిన రోజున కూడా ఇలాగే నవ్వుతూ ఫొటో దిగుతావా?" అని అరిచాను. వాడు వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి పెట్టెలోంచి మా అత్త నల్లపావడా తీశాను, తెల్లారి అక్క పక్కన అదే కట్టి కూర్చుందామని. కానీ మొగుడు బతికుండగా నలుపు కడితే పడవ తిరిగి రాదని మాకు భయం. మళ్ళీ లోపల పెట్టబోతుంటే, వల సర్దుకుంటున్న మా ఆయన అబీలియో లేచొచ్చి, పావడా లాక్కుని తనే నా నడుముకు చుట్టి ముడేశాడు.

"కట్టుకెళ్ళవే. రేపు నేను సముద్రం నుంచి రాకపోతే నీకూ ఆ పువ్వుల పావడానే కట్టిస్తారు వీళ్ళు."