పది పొరల రెక్క

ఆ రోజుల్లో నాకు చదువు రాదన్న సంగతి నాకూ మా బావకూ తప్ప ఈ సింగపూర్‌లో మూడో మనిషికి తెలియదని నా నమ్మకం. చదువు రానివాడికి ఎంత తెలివి కావాలో చదువుకున్నవాళ్ళకు అర్థం కాదు. అంకెలు వచ్చు కాబట్టి బస్సు ఎక్కేవాణ్ణి, రంగు చూసి మందు తాగేవాణ్ణి, ఎవరైనా కాగితం చేతికిస్తే కళ్ళజోడు గదిలో మరిచిపోయానని చెప్పేవాణ్ణి (అప్పటికి నాకు కళ్ళజోడే లేదు). అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. తెలుగు మా ఆవిడ నేర్పింది, ఇంగ్లీషు మా మనవరాలు నేర్పింది, ఇద్దరూ తిడుతూనే నేర్పారు. అంత కష్టపడి తెచ్చుకున్నవాటిని ఊరికే కూర్చోబెట్టడం ఇష్టంలేక ఇప్పుడిది రాస్తున్నాను. విమానాల గురించి చదువుకున్నవాళ్ళు చాలా రాశారు. వాళ్ళు రాశారు, నేను కట్టాను. కట్టి పాడుచేశాను కూడా, అదే చెప్పబోయేది.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. సింగపూర్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక షెడ్డులో ఫైబర్ గ్లాసు పడవలు చేసేవాళ్ళం. గాజు నారతో నేసిన గుడ్డ పరిచి, మీద రెసిన్ అనే జిగురు పూసి, మళ్ళీ గుడ్డ, మళ్ళీ జిగురు. ఎండితే రాయి. ఆ ఎండినదాన్ని మిషను పెట్టి నున్నగా అరగదీయడం నా పని. ఆ గాజుపొడి చొక్కాలోకి దూరిందంటే స్నానం చేసినా పోదు, పడుకున్నా పోదు, ఆదివారం మనవాళ్ళ పేట లిటిల్ ఇండియాలో బిర్యానీ తింటున్నప్పుడు కూడా వీపు గోడకేసి రుద్దుకోవాల్సిందే. మా అక్క మొగుడు, అంటే మా బావ, అదే షెడ్డులో నాకంటే మూడేళ్ళు ముందు చేరినవాడు. శ్రీకాకుళం దగ్గరి మా పల్లె నుంచి నన్ను పిలిపించింది తనే కాబట్టి, నేను తప్పు చేస్తే తిట్టే హక్కూ, ఆ తప్పులో వాటా పుచ్చుకునే హక్కూ తనకే ఉన్నాయనుకునేవాడు.

మా యజమానికి మేం పెట్టుకున్న పేరు రెండేసి బాస్. ఈ ఊరి చైనా ఆయన, బక్కపలచటి మనిషి. రెండు చేతులకూ రెండు గడియారాలు, జేబులో రెండు పెన్నులు, కారులో రెండు గొడుగులు, వెనక జేబులో రెండు జతల రబ్బరు గ్లోవ్స్. ఎందుకు బాస్ అనడిగితే "వన్ స్పాయిల్, స్టిల్ గాట్ వన్" అనేవాడు. రోజూ పొద్దున్నే నా ముందుకొచ్చి ఒక జత గ్లోవ్స్ చాపేవాడు. "నో నీడ్ బాస్" అనేవాణ్ణి నేను. కష్టం చేసుకునేవాడు చేతికి తొడుగు వేసుకోవడమేమిటని నా పొగరు.

అలాంటి మనిషి విమానం కొనుక్కుంటే ఎలాంటిది కొంటాడు? రెండింజన్లది కొన్నాడు. కొన్నాడంటే విమానం రాలేదు, పెట్టెలు వచ్చాయి. ఫోమ్ అనే గట్టి నురగ దిమ్మలు, గాజు గుడ్డ చుట్టలు, జిగురు డబ్బాలు, ఇటుకంత పుస్తకం. మనమే కట్టుకోవాలట. పుస్తకం అట్టమీద బొమ్మ చూసి మా బావ నోరు తెరిచాడు.

"ఏటిరా ఇది? తోకట్టుకొచ్చి ముందు పెట్టీసినాడు. ఇది ఎనక్కి ఎగురుతాదేటి?"

నిజమే. చిన్న రెక్క ముక్కు దగ్గర ముందుంది, పెద్ద రెక్క వెనకుంది. ఒక ఇంజను ముక్కుకు, ఒకటి వెనక్కి. దీన్ని కానార్డ్ అంటారట. బాస్ మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి, చేతులు రెక్కల్లా చాపి చెప్పాడు. మామూలు రెండింజన్ల విమానంలో ఇంజన్లు చెరో రెక్క మీదా ఉంటాయి, ఒకటి ఆగిందంటే రెండోది బండిని పక్కకు తిప్పేస్తుంది. ఇందులో రెండూ ఒకే వరసలో ఉన్నాయి, ఒకటి లాగుతుంది, ఒకటి తోస్తుంది, ఏది ఆగినా దారి తప్పదు. ఇక వేగం మరీ తగ్గిపోతే ముందున్న చిన్న రెక్క ముందుగా చేతులెత్తేస్తుంది. ముక్కు కాస్త కిందికి వాలుతుంది, వేగం వస్తుంది, మళ్ళీ లేస్తుంది. పెద్ద రెక్క ఎప్పుడూ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఇది చెబుతున్నప్పుడు బాస్ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది.

లోపాలు చెప్పడానికి మేడమ్ ఉంది. బాస్ భార్య. మధ్యాహ్నాలు కాఫీ పట్టుకొచ్చి, అట్టపెట్టె మీద కూర్చుని, ఆయన మాట పూర్తికాకముందే అందుకునేది. "టూ ఇంజన్, టూ టైమ్స్ హెడేక్ లా" అనేది (ఈ ఊరి ఇంగ్లీషులో మాట చివర లా అనో ఆ అనో సాగదీస్తారు). వెనక ఇంజనుకు గాలి సరిగా తగలక కాగిపోతుంది. ముందునుంచి ఏ బోల్టు ఊడినా వెళ్ళి వెనక పంకా నోట్లోనే పడుతుంది. దిగేటప్పుడు వేగం తగ్గదు, పొడవాటి రన్‌వే కావాలి, గడ్డినేల పనికిరాదు. అన్నిటికంటే పెద్దది, ముందు రెక్క మీద వాన చినుకులు పడితే చాలు, ముక్కు కిందికి దిగుతుంది. "ఎవ్రీ ఆఫ్టర్నూన్ రెయిన్, హీ బై ఎయిర్‌ప్లేన్ స్కేర్డ్ ఆఫ్ రెయిన్" అని మేడమ్ అంటుంటే, షెడ్డు రేకుల మీద వాన సరిగ్గా అప్పుడే మొదలయ్యేది. బాస్ మాత్రం ఆకాశంకేసి చూసి, ఇక్కడ కాదు, ఆస్ట్రేలియాలో నా స్నేహితుడికి పెద్ద మైదానం ఉంది, కట్టాక అక్కడికి పంపిస్తాను అనేవాడు.

ఇక నా అబద్ధం సంగతి. ఆ జిగురు ఎండటానికి ఒకే తీరు చల్లదనం కావాలని షెడ్డులో ఒక గది కట్టించి దానికి ఏసీ పెట్టించాడు బాస్. "ఈ పని చేసేవాడు పుస్తకం చదవాలి. ఎవరికి ఇంగ్లీషు వచ్చు?" అనడిగాడు. నేను గ్రైండింగ్ మిషను పట్టుకుని నిలబడ్డాను, వీపు దురద. ఆ గది తలుపు సందులోంచి చల్లటి గాలి వచ్చి నా మెడకు తగిలింది. చెయ్యి దానంతటదే లేచింది.

"యూ క్యాన్ రీడ్ ఆ?"

"క్యాన్, బాస్."

మా బావ దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

పుస్తకం నా చేతికిచ్చి బాస్ ఎదురుగా కూర్చున్నాడు. చదివేవాళ్ళు పేజీ మీద ఎంతసేపు ఉంటారో అంచనా వేసుకుని, అంతసేపూ చూసి, వేలు తడిచేసుకుని తిప్పాను. ప్రతి పేజీనీ సమానంగా గౌరవించాను. బొమ్మలు ఎంత బాగున్నాయంటే పని మొత్తం అర్థమైపోయింది. గుడ్డ ఏ వాలున పరచాలో గీతలున్నాయి, ఎన్ని పొరలో అంకె ఉంది. ముందు రెక్క పేజీలో మాత్రం నల్లటి డబ్బా గీసి, అందులో లావుపాటి అక్షరాలున్నాయి. పెళ్ళి శుభలేఖ మీద ముందుగా దేవుడి మాట వేస్తారు చూడండి, అలాంటిదేదో అనుకున్నాను.

పొరలు రెండు అని ఉంది. రెండంటే రెండు. నాకు నచ్చలేదు. మా షెడ్డులో నీళ్ళ ట్యాంకుకే నాలుగు వేస్తాం, మనిషెక్కి గాల్లోకి పోయేదానికి రెండేమిటి? బాస్ ఇంజన్లు చూడటానికి పది రోజులు వేరే దేశం వెళ్ళాడు. నేను ఆయన క్షేమం కోరి, పుస్తకంవాడి రెండూ కాక నావి రెండు వేశాను. సాయంత్రం మా బావ వచ్చి గోరుతో కొట్టి చూశాడు.

"నాలుగేనా? పిల్లలున్నోడురా ఆయన. ఏటైనా అయితే మనకి కూడెవుడెడతాడు? నా పేరు సెప్పి ఇంకో రెండెయ్యి."

ఆరయ్యాయి. మర్నాడు మేడమ్ కాఫీ తెచ్చింది. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి, తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగింది. "దిస్ వన్ స్ట్రాంగ్ ఆ? యూ మేక్ స్ట్రాంగ్ స్ట్రాంగ్, క్యాన్?" "క్యాన్, మేడమ్" అన్నాను. ఎనిమిది. బాస్ వచ్చే ముందురోజు చివరిసారి రెక్క నిమిరి చూసుకుంటే మనసాగలేదు. పది. పైన పుట్టీ పెట్టి, అరగదీసి, అద్దంలా చేశాను. నా జన్మలో అంత అందమైన వస్తువు చెయ్యలేదు.

బాస్ వచ్చాడు. చూసి మురిసిపోయాడు. పుస్తకం ప్రకారం ఆ రెక్కను ఒక మనిషి చంకలో పెట్టుకుని నడవచ్చట. ఒక చివర పట్టుకుని ఎత్తబోయి, ఎత్తలేక, నవ్వి, ఇంకోసారి ఎత్తబోయాడు. చివరికి నలుగురం పట్టి తూకం బల్ల మీద పెట్టాం. ముల్లు వెళ్ళి ఆగిన చోటు చూసి షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బాస్ ఎడమచేతి గడియారం తీసి బల్లమీద పెట్టాడు. కాసేపాగి కుడిచేతిదీ తీశాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఈ బరువుతో ముక్కు నేలనే అంటుకుంటుంది, రన్‌వే ఎంత పొడవున్నా ఇది లేవదు అన్నాడు. పుస్తకం తెచ్చి, నల్లడబ్బా ఉన్న పేజీ తీసి నా ముందు పెట్టాడు.

"రీడ్."

అందరూ చుట్టూ ఉన్నారు. మేడమ్ కాఫీ పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఏసీ గది పోతుంది, అది సరే. నెలల తరబడి నన్ను నమ్మి పుస్తకం చేతిలో పెట్టిన మనిషి ముందు దొంగనవుతాను, అది తట్టుకోలేకపోయాను. కళ్ళజోడు అందామని అలవాటుకొద్దీ జేబు తడుముకున్నాను. మా బావ వెనకనుంచి "సెప్పీరా" అన్నాడు మెల్లగా.

"బాస్, ఐ నో రీడ్" అన్నాను.

"ఐ నో" అన్నాడు బాస్.

నేను తలెత్తాను. మొదటిరోజే తెలుసట. పుస్తకంలో ఏమీ అచ్చువేయని ఖాళీ పేజీలు రెండున్నాయట, వాటిని కూడా నేను అంతే శ్రద్ధగా చూసి, వేలు తడిచేసుకుని తిప్పానట. "వన్ బ్లాంక్ పేజ్, యూ ఈవెన్ నాడ్" అన్నాడు, ఒకదానికి తల కూడా ఊపానని. షెడ్డంతా గొల్లున నవ్వింది. మరెందుకు ఇచ్చారు బాస్ అన్నాను. నీ చేతికి పని తెలుసు, బొమ్మ చాలనుకున్నాను అన్నాడు. తర్వాత రెక్కను చూపించి, ఇన్ని పొరలెందుకని అడిగాడు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. పుస్తకానివి రెండు, నావి రెండు, మా బావవి రెండు అంటూ వేళ్ళు మడిచాను. ఏడోవేలు దగ్గర మేడమ్ వైపు చూశాను. ఆమె పైకప్పు రేకులు చూస్తోంది. బాస్ ఆమెను చూశాడు, మళ్ళీ రెక్కను చూశాడు, ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టాడు. రెండు గడియారాలూ మళ్ళీ పెట్టుకునేదాకా నవ్వాడు.

ఆ తర్వాత నల్లడబ్బాలో ఏముందో ఆయనే వేలుపెట్టి చదివాడు. ఒక్క పొర కూడా ఎక్కువ వేయవద్దు, ప్రేమకొద్దీ వేసిన బరువును కూడా విమానమే మోయాలి అని దాని సారం. దాన్ని నాకు కంఠతా పట్టించాడు. రోజూ పొద్దున గదిలోకి పోయేముందు డబ్బా మీద వేలుపెట్టి మంత్రంలా అప్పజెప్పేవాణ్ణి. రెండో రెక్క రెండే పొరలతో చేశాను. ప్రాణం గిలగిలలాడినా రెండే. మేడమ్ గదివైపు రాకుండా మా బావ కాపలా కాశాడు.

విమానం ముక్కలుగా ఓడెక్కి వెళ్ళింది, ఆస్ట్రేలియాలో ఎగిరింది. మూడోసారి ఎగిరినప్పుడు వెనక ఇంజను కాగి ఆగిపోయిందట, ముందుది చక్కగా లాక్కొచ్చిందట. పక్కన కూర్చున్న మేడమ్‌కి దిగేదాకా తెలియనే లేదు. ఇంజను ఆగినందుకు బాస్ అంత సంతోషించిన మనిషి ఇంకెక్కడా ఉండడు. నాలుగోసారి వాన పడింది, ముక్కు దిగింది, అది మాత్రం మేడమ్‌కి తెలిసింది. ఆ తర్వాత బాస్ ఒక్కడే ఎగిరేవాడు.

ఇప్పుడు ఆ షెడ్డూ లేదు, విమానాన్నీ ఎవరికో ఇచ్చేశాడు. పది పొరల రెక్క మాత్రం ఉంది. సెరంగూన్ పేటలో బాస్ ఇంటి ముందు, రెండు దిమ్మల మీద బెంచీగా. మా బావ ఉన్నన్నాళ్ళూ ఆ బెంచీలో తన రెండు పొరల సంగతి ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. ఆదివారం లిటిల్ ఇండియాలో సరుకులు కొనుక్కుని నేను అక్కడికే వెళతాను. బాస్‌కి ఎనభై దాటాయి. పోయిన నెల పెట్టెలు సర్దుతూ ఆ పుస్తకం నాకిచ్చేశాడు. ఇంటికి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని (ఇప్పుడు నిజంగానే ఉంది), నల్లడబ్బా మీద వేలుపెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. మనవరాలు పక్కన నిలబడి "తాతా, స్లోలీ లా" అంటోంది. పావుగంట పట్టింది. అందులో పొరల మాటే లేదు. గ్లోవ్స్ లేకుండా రెసిన్ ముట్టుకోవద్దు, చర్మం దురద పెడుతుంది అని ఉంది. అంతే.

మర్నాడే పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి నిలదీశాను. బాస్ మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. ఏమీ తడబడలేదు.

"గ్లోవ్స్, ఐ టెల్ యూ ఎవ్రీ డే. యూ లిజన్ ఆ? బాస్ సే, యూ సే నో నీడ్. సో టూ లేయర్, ఐ సే బుక్ సే. బుక్ సే, యూ లిజన్."

అని వెనక జేబులో చెయ్యిపెట్టి, తోటపనికి ఉంచుకున్న రెండు జతల్లోంచి ఒక జత నా ముందుకు చాపాడు. ఈసారి నో నీడ్ అనలేదు. తొడుక్కున్నాను. చెయ్యడానికి పనేమీ లేదు. మేడమ్ కాఫీ తెచ్చి మా చేతులు చూసి తల అటూ ఇటూ తిప్పి లోపలికి పోయింది. మేమిద్దరం రబ్బరు గ్లోవ్స్‌తో కప్పులు పట్టుకుని, పది పొరల మీద కూర్చుని తాగాం. అది కిర్రుమనలేదు కూడా. అలా కూర్చుంటే ఇరవయ్యారేళ్ళవాడొకడు గుర్తొచ్చాడు. వేలు తడిచేసుకుని ఖాళీ పేజీ తిప్పుతున్నాడు. వెళ్ళి వాడి పక్కన కూర్చుని, ఇదిగో ఇక్కడ ఇలా రాసుందిరా అని చెబుదామనిపించింది. చెప్పినా వినడు. తల మాత్రం బాగా ఊపుతాడు.