నోటి మీద వేలు

2025 ఫిబ్రవరి 14, శుక్రవారం, మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు చాక్‌పీసుల డబ్బా మూత తీశాను. లోపల నలభై ఒక్క చీటీలు. నా తెలుగు పాఠం గురించీ, నేను తరగతి నడిపే తీరు గురించీ పేర్లు లేకుండా రాయమని ఆరో తరగతి పిల్లలకు చెప్పాను. పిల్లలు రాసింది చదవాలంటే భయమేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ భయానికి కారణముంది. నా క్లాసు సంతలా ఉందని హెడ్‌మాస్టరు గారు జనవరిలోనే రెండుసార్లు అన్నారు. మూడోసారి గోల వినిపిస్తే తరగతిని వేరే టీచరుకు అప్పగిస్తానన్నారు. అందుకని రోజూ హాజరు వేసే ముందు "నోటి మీద వేలు!" అనేదాన్ని. గోల ఠక్కున ఆగేది. పంతొమ్మిదేళ్ళుగా నాకున్న ఉపాయం అదొక్కటే.

ఇరవై ఏడో చీటీలో ఇలా ఉంది: "టీచర్, సోమవారం వేలు పెట్టించకండి. ఆదివారం మిరపకాయ కోతకి పోతాం. సబ్బుతో కడిగినా చేతుల ఘాటు పోదు. మూతి మండుద్ది. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవాలి, అప్పుడు కళ్ళు కూడా."

చేతిరాత గుర్తుపట్టాను. రెండో బెంచీ పిల్లది. సోమవారాల్లో ఆమె పెదవులు ఎర్రగా ఉండటం చూశాను. రంగు పుల్లఐసు తినొచ్చిందని ఒకసారి మందలించాను కూడా. చీరాల నుంచి రోజూ మిరప చేల మధ్యగా బస్సులో వచ్చే మనిషిని నేను. కోతల కాలంలో సోమవారాలు సుమారు పది. పంతొమ్మిదేళ్ళకు నూట తొంభై. లెక్క తప్పు వేశానేమోనన్న ఆశతో మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

17వ తేదీ, సోమవారం, ఉదయం 9.30. వేలు వద్దన్నాను. గోల ఎలా ఆపుదామని పిల్లలనే అడిగాను.

"చేతులు కట్టుకుంటాం టీచర్," అంది రెండో బెంచీ పిల్ల. "చంకలో పెట్టుకుంటే ఎక్కడా తగలదు."

"ముందు నీ నోరు కట్టుకోవే!" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నీ నోటికైతే మోకుతాడు కూడా చాలదురా!" అంది ఆ పిల్ల వెనక్కి తిరిగి.

క్లాసంతా పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో హెడ్‌మాస్టరు గారు కనిపించారు.

"ఏంటమ్మా ఇది? అందరూ నోటి మీద వేలు!"

వేళ్ళు సగం దాకా లేచి ఆగాయి. పిల్లలందరూ నావైపు చూశారు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను.

"వద్దండి," అన్నాను. "నిన్న కాయ కోసిన చేతులండి అవి. మండుతుంది."

ఆయన ముందు బెంచీల్లోని చేతుల వైపు చూశారు. తరవాత పిల్లలను చేతులు దించమన్నారు. నాతో మాత్రం, "ఒకసారి నా గదిలోకి రండి," అన్నారు.

మార్చి 1 నాటికి లెక్క ఇది. పోయినవి: ఆరో తరగతి క్లాసుటీచరు పని, హాజరు పట్టీ. మిగిలినవి: అదే తరగతిలో రోజుకొక తెలుగు పీరియడు, నలభై ఒక్క చీటీలు, చేతులు కట్టుకునే పద్ధతి. ఆ పద్ధతిని కొత్త టీచరు కూడా ఉంచారు. నూట తొంభై సోమవారాలను ఏ వైపు రాయాలో తెలియక వదిలేశాను.