బావ కోసం కొన్న స్కోపు

పక్షుల్ని చూసే స్కోపు ఏది కొనాలని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్లు మండుతుంది, తర్వాత సలహా చెబుతాను. భిలాయి ఉక్కు ప్లాంటులో నాతో పనిచేసి రిటైరైనవాళ్లు, పొద్దుపోక చెరువు గట్టున తిరిగేవాళ్లు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. నా బీరువా మీద ఒకటి పడి ఉంది. అరవై రెట్లు దగ్గరగా చూపిస్తుంది. కావాలంటే పట్టుకుపొమ్మంటాను. మరి మీరెందుకు వాడటం లేదని అడిగితే మాత్రం మాట మార్చేస్తాను. ఇక్కడ మార్చను.

మా బావ, అంటే మా అక్క మొగుడు, నేనూ ప్లాంటులో ఒకే మిల్లులో పనిచేశాం. నేను పైన క్రేన్ క్యాబిన్‌లో, ఆయన కింద ఖలాసీ. ఎత్తాల్సిన బరువుకి గొలుసులు కట్టి, సరిగ్గా కూర్చుందో లేదో చూసి, పైకి చేత్తో సైగ చేసేవాడే ఖలాసీ. అంత మోతలో నోటిమాట వినపడదు. ఆయన బొటనవేలు పైకి లేపితే నేను ఎత్తాలి. అరచెయ్యి అడ్డంగా చూపిస్తే ఆపాలి. ఎందుకు, ఏమిటి అని పైనున్నవాడు ఎదురు అడగకూడదు, కింద చూస్తున్నది అతను కాబట్టి. ఇరవై ఏళ్ల పైచిలుకు ఆయన బొటనవేలిని నమ్మి ఎత్తాను. ఒక్కసారి కూడా గొలుసు జారలేదు.

ఆయన చూపు అలాంటిది. పార్వతీపురం వైపు వాళ్ల నాన్న నాటుతుపాకీ పట్టుకుని అడవికి వెళ్లే మనిషి. గడ్డిలో కౌజుపిట్ట ఎక్కడుందో కుక్క కంటే ముందు బావే చెప్పేవాడట. భిలాయి వచ్చాక తుపాకీ లేదు, అడవి లేదు, ఆ కన్ను మాత్రం మిగిలింది. రిటైరయ్యాక క్యాంప్ వన్ బస్తీలో మా ఇరుకు సందులోంచి తెల్లారగట్ల బయల్దేరి, స్కూటర్ మీద ప్లాంటుకి నీళ్లు పంపే చెరువు దగ్గరికి పోయేవాళ్లం. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో బాతులు వస్తాయి. నాకు నీళ్ల మీద నల్లచుక్కలు కనిపించే దూరంలో ఆయన మగదేదో ఆడదేదో చెప్పేవాడు. నాకు అసూయగా ఉండేది. ఈ సంగతి కూడా దాచను.

తర్వాత ఆయన కుడికంటి మధ్యలో మచ్చ పడింది. ఎడమకంటిలో కూడా మొదలైందని, ఈ చలికాలం పరవాలేదు గానీ వచ్చేదాని సంగతి చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగుతూ బావ, "అయితే ఈ ఏడు బాతులు బాగా సూసుకోవాల్రా," అన్నాడు. అంతే. ఏడవలేదు, దేవుణ్ణి తిట్టలేదు. స్కోపు కొందామని అన్నది నేనే.

ఇద్దరివీ బొటాబొటీ పెన్షన్లు. ఖరీదైన సరుకు మాకు అందదు. ఇక నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అందులో దొరికే సలహాలన్నీ వేటగాళ్లవి. ఏ దేశంలోనో కొండ మీద బోర్లా పడుకుని లోయకి అవతలి దుప్పి కొమ్ములు చూసేవాళ్లు రాసుకున్నవి. మన దగ్గర కుందేలు మీద చెయ్యేసినా జైలే. బాతుల కోసం దుప్పుల వాళ్ల పాఠాలు రాత్రీ పగలూ చదివాను. నాలుగు రోజుల్లో నేనంత మొనగాడు లేడనుకున్నాను. కళ్లజోడు ఉన్నవాళ్లు తప్పనిసరిగా కన్ను పెట్టి చూశాకే కొనాలని ఒక వేటగాడు రాశాడు. అది కూడా చదివాను. నాకు కళ్లజోడు లేదు కదా, దాటేశాను.

రాయపూర్‌లో బైనాక్యులర్లు అమ్మే కొట్టుకి ఇద్దరం వెళ్లాం. కొట్టువాడు ఒక చిన్న స్కోపు ఇచ్చాడు. ఇరవై ఏడు రెట్లు మాత్రమే, అంతకు మించి పెరగదు. బావ కళ్లజోడు తియ్యకుండానే కన్ను ఆనించి, రోడ్డు అవతల మందుల షాపు బోర్డు చదివాడు. బోర్డు కింద సన్న అక్షరాల్లో ఉన్న లైసెన్సు నంబరు కూడా చదివాడు. తల తిప్పి, "ఇది సాల్రా," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. "ఇరవై ఏడు ఏటి బావా, అదే డబ్బుకి అరవైది వస్తంటే! పైగా ఇది పట్టుకుంటే పుల్లలా ఉంది. అది కిలోన్నర ఉంటాది," అన్నాను. బతుకంతా ఉక్కు ఎత్తినవాణ్ణి, బరువుంటేనే వస్తువనుకునే బుద్ధి నాది. ఒకే ధరలో చిన్నదానికి పెట్టిన డబ్బు అద్దంలోకి పోతుంది, పెద్దదానికి పెట్టింది అంకెలోకి పోతుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు కొట్టువాడు అదే చెప్పబోతే, నీ సరుకు అమ్ముకోడానికి చెప్తున్నావని హిందీలో కసిరాను. బావ ఇంకోసారి, "నాకు ఇది సాలు," అన్నాడు. ఇంకో నిమిషం దాన్ని చేతిలోనే ఉంచుకుని, మెల్లగా గాజుబల్ల మీద పెట్టేశాడు.

అరవైది ఫోన్‌లోనే ఆర్డరిచ్చాను. వచ్చిన మర్నాడే గట్టు మీద మూడుకాళ్ల స్టాండు నిలబెట్టాను. ముందు నేనే చూశాను. సూదితోక బాతు, దాని మెడ మీద తెల్లగీత, ముక్కు మీంచి జారే నీటిబొట్టు. అరిచేశాను. తర్వాత బావని కూర్చోబెట్టాను. ఆయన ముందుకీ వెనక్కీ జరిగాడు. కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"బాగుందా?" అన్నాను.

ఆయన స్కోపులోంచి కన్ను తియ్యకుండానే బొటనవేలు పైకి లేపాడు. నేను నమ్మాను. ఆ వేలికి ఎదురు ప్రశ్న వెయ్యడం నాకు అలవాటు లేదు.

ఆ చలికాలమంతా అలాగే నడిచింది. నేను చూసి గొప్పగా వర్ణించేవాణ్ణి. ఆయన కూర్చుని, "అవును, మెడ తెల్లగుంది," అనేవాడు. రోజూ ఇంటికొచ్చి అక్కతో, "నీ మొగుడికి కళ్లు తెచ్చిచ్చాను," అని కోతలు కోసేవాణ్ణి. అక్క నవ్వేది. ఆయన చెప్పుల దుమ్ము దులుపుకునేవాడు. తొమ్మిది దాటితే ఎండకి నీళ్ల మీద గాలి మరిగి, అరవై రెట్లలో బాతులన్నీ వణికిపోయేవి. కొలిమి పక్క బతికినవాణ్ణి, వేడిగాలి చూపుని ఎలా చెదరగొడుతుందో నాకు ఇంకొకరు చెప్పాలా? అయినా అంకె తగ్గించలేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు, గట్టు మీద నడకకి వచ్చే రిటైరైన హిందీ టీచరు దీదీ ఆగి, తనూ చూస్తానంది. ఆవిడకీ లావు కళ్లజోడు. వంగి చూసి, "భయ్యా, ఇస్‌మే తో కాలా హీ కాలా హై," అంది, అంతా నలుపేనని. ఫోకస్ తిప్పాను. లాభం లేదు. "చష్మా వాళ్లకి ఇందులో ఏమీ కనపడదు. మీ బావగారు ఎలా చూస్తున్నారు?" అంది. నేను బావ వైపు తిరిగాను. ఆయన నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

దీదీ వెళ్లాక ఆయన కళ్లజోడు అడిగి తీసుకుని, నా కంటికి పెట్టుకుని స్కోపులోకి చూశాను. నల్లటి గుండ్రం, మధ్యలో ఆవగింజంత మసక వెలుతురు. అద్దానికీ కంటికీ మధ్య కళ్లజోడు పట్టేంత చోటు ఆ యంత్రం ఇవ్వదు. ఆయనది సిలిండర్ పవర్, ఫోకస్‌తో సరిచెయ్యలేని కంటి వంకర, జోడు తీసేస్తే ఎంత తిప్పినా బొమ్మ చెదిరే ఉంటుంది. మూడు నెలలు ఆ ఆవగింజలోకి కన్ను పెట్టి, నేను చెప్పిన బాతుల్నే నాకు తిరిగి చెప్పాడు.

నాకు సిగ్గు రావాల్సిన చోట కోపం వచ్చింది. "మిల్లులో గొలుసు ఒంకరుంటే ఎప్పుడైనా వేలు లేపినావా? ఇక్కడెలా లేపేవు?" అని అరిచాను.

"అక్కడ తప్పు సూపిస్తే మనిసి పోతాడ్రా," అన్నాడు బావ. "ఇక్కడేటి పోద్ది? నా కన్నే గదా. అదెలాగా పోయీదే."

మర్నాడే రాయపూర్ పరిగెత్తాను. ఆ చిన్నది ఎవరో కొనుక్కుపోయారు. కొట్టువాడు నన్ను గుర్తుపట్టి, మళ్లీ తెప్పిస్తానన్నాడు. అది వచ్చేసరికి ఎండలు ముదిరాయి, చెరువులో బాతు లేదు. ఆ ఏడు వర్షాలు పోతుండగానే బావ అన్నం పళ్లెంలో కూర ఎటుందో వేలితో తడుముకోవడం మొదలుపెట్టాడు.

నవంబరులో బాతులు వచ్చాయి. చిన్న స్కోపు భుజాన వేసుకుని ఆయన్ని తీసుకెళ్లాను. చాలాసేపు చూశాడు. కంటిని పక్కకీ పైకీ తిప్పుతూ, ఏ మూల నుంచైనా దొరుకుతుందేమోనని చూశాడు. చివరికి తల ఎత్తి, "పిట్టో కొయ్యో తెలటం నేదు," అన్నాడు మామూలుగా.

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "కిందటేడు మొదటిరోజే చెప్పుంటే అప్పుడే మార్చేద్దుము గదా బావా! రోజూ అడిగేను. రోజూ బాగుందనే అన్నావు," అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది.

బావకి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"బాగుందా అనే అడిగినావురా," అన్నాడు. "నువ్వు కొన్నాది, బాగుందన్నాను. నీకు కనపడతందా బావా అని ఒక్కరోజైనా అడిగినావేటి?"

అడగలేదు.