వాపు తగ్గిందని నేను పెట్టిన వాయిస్ మెసేజ్

ఆ రోజు పొద్దున చెప్పుల్లో కాళ్లు పట్టలేదు. కొత్తకోటలో లారీల మెకానిక్‌ని. రోజంతా బండ్ల కింద పనిచేసేవాడికి కాళ్లు వాచడం మామూలే అనుకున్నాను. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. అప్పుడు భయం వేసింది.

వనపర్తిలో పరీక్షలు చేశారు. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ నాలుగు దాటింది. "నడుంనొప్పి గోళీలు ఎన్నేండ్ల సంది మింగుతున్నవ్?" అని అడిగాడు డాక్టర్. ఆరేళ్లన్నాను. "కిడ్నీలు దెబ్బతిన్నయి. ఇప్పుడే డయాలసిస్ అక్కర్లేదు. రాసిచ్చిన మందులు వదలకు, ఇంకొన్నేండ్లు గట్టెక్కొచ్చు" అన్నాడు.

ఆ కొన్నేళ్లే నాకు మిగిలిన ఆశ. ఇంట్లో చెబితే ఏడుపు, షెడ్డులో చెబితే జాలి. ఫోన్‌లో వెతికి కిడ్నీ రోగుల వాట్సాప్ గ్రూపులో చేరాను. విడమరచి చెప్పకుండానే నా బాధ అర్థమయ్యే మనుషులు మొదటిసారి దొరికారు. వీపనగండ్లలో పత్తి చేను చేసుకునే యాదమ్మ అక్కడే పరిచయం. ఆమె జబ్బూ నాదంత ముదిరినదే. రాయడం రాదు, అన్నీ వాయిస్ మెసేజ్‌లే. "అన్నా, పొద్దుగాల్నే చెంబెడు నీళ్లు పక్కకు పెట్టుకో. రాత్రిదాంక గవ్వే" అని, నీళ్లు కొలిచి తాగడం నాకు నేర్పింది ఆమే.

అదే గ్రూపులో ఒకాయన అచ్చంపేట నుంచి బస్సు పార్సిల్‌లో చెట్లమందు పంపుతానన్నాడు. నలభై రోజుల పథ్యం. ఉప్పు ముట్టొద్దు, ఇంగ్లీషు మందులు బంద్. మా దగ్గర పథ్యం తప్పితేనే మందు పనిచేయదని నమ్ముతాం. నిష్ఠగా చప్పిడి కూడు తిన్నాను, డాక్టర్ మందులు ఆపేశాను. ఎనిమిదో రోజుకు వాపు తీసింది. సంతోషం పట్టలేక గ్రూపులో వాయిస్ పెట్టాను: "యాదమ్మా, నాకైతే వాపు తీసింది. నువ్వు గూడ తాగు."

"నువ్వు జెప్పినంక ఇంకేంది అన్నా, తెప్పించుకుంట" అంది.

ఇరవయ్యో రోజు వాంతులు, ఆయాసం. దవాఖానకు తీసుకుపోయేసరికి క్రియాటినిన్ పదకొండు. మెడలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. డాక్టర్ కోప్పడలేదు. "ఉప్పు మానేసినవ్ గాబట్టి వాపు తీసిందయ్యా, ఆ మందుతోని గాదు. నువ్వు ఆపిన మందులే నిన్ను కాపాడుతుండె" అన్నాడు.

ఆ మాట ఆ పూటే గ్రూపులో చెప్పాల్సింది. సిగ్గేసింది. అంతమంది ముందు గొప్పలు పోయి, ఇప్పుడు మోసపోయానని ఏ ముఖంతో చెప్పను? కాస్త కోలుకున్నాక చెబుదామని పది రోజులు నోరు మూసుకున్నాను.

పదకొండో రోజు యాదమ్మ ఫోన్ నుంచి కాల్ వచ్చింది. మాట్లాడింది ఆమె భర్త. "అన్నా, యాదమ్మ నిన్న పాయె. ఆయాసం మొదలైతే దవాఖాన దాంక గూడ రాలే" అన్నాడు. "ఆమె మందు సగం డబ్బ మిగిలింది. నీకు అక్కరకొస్తదేమో, పంపాల్నా?" అని అడిగాడు.

తిట్టినా బాగుండేది. వద్దని ఫోన్ పెట్టేశాను. గ్రూపులో మాత్రం ఆ పూటే జరిగిందంతా చెప్పాను.

ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. షెడ్డు మూసేశాను. బాగవుతానన్న ఆశ లేదు. అయినా గ్రూపులోనే ఉన్నాను, వాళ్ల మాటలు వినకుండా ఆ బెడ్ మీద నాలుగు గంటలు గడపలేను. కిడ్నీ జబ్బుంటే మీరూ చేరండి. కానీ ఎవరైనా తగ్గిందని చెబితే కొత్త రిపోర్టు అడగండి, దాన్ని మీ డాక్టర్‌కు చూపించేదాకా మీ మందులు ఆపకండి.

యాదమ్మ నన్ను రిపోర్టు అడగలేదు. అన్నా అని పిలిచే మనిషి, అడగాలని తోచి ఉండదు.