తెర మూలన పగిలిన పలకలు

ఇన్నేళ్లుగా నేను ఈ మాట ఎత్తితే ఇంట్లోవాళ్లు కంచాల ముందు నుంచి లేచిపోతారు, బజారులో వాళ్లు టీ ఇప్పించి మాట మారుస్తారు. ఒక్కరూ చివరిదాకా వినలేదు. కాగితమైతే మధ్యలో లేచిపోదు కదా, అందుకే రాస్తున్నాను.

మార్కాపురంలో బడిపిల్లలు రాసుకునే రాతి పలకల ఫ్యాక్టరీలో నేను గుమాస్తాను. మాకు కంప్యూటర్ కొత్తగా వచ్చినప్పుడు, గిద్దలూరులో ఉండే మా బావమరిది దానికి బిల్లుల ప్రోగ్రాం తయారు చేసి ఇచ్చాడు. తెర నిండా అక్షరాలే. ఒకరోజు ప్యాకింగ్ చూసే ఆమె ఏదో మీట నొక్కింది. కనిగిరికి పోవాల్సిన ఆర్డరు మొత్తం మాయమైంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. బావమరిదిని పిలిపిస్తే, చెరిపినాక చెరిగిపోయినట్టేనని తేల్చేశాడు.

నాకు ఒళ్లు మండింది. మా దగ్గర అంచు విరిగిన పలకను ఎవరూ బయట పారేయరు. తలుపు పక్క మూలన వేస్తారు. తీరిక దొరికినప్పుడు ఆ కుప్ప తిరగేసి, బాగున్నంత మేర కోసి చిన్న పలకలు చేస్తారు. కుప్పను బండికెత్తితేనే రాయి పోయినట్టు. అప్పటిదాకా అది మాదే. అతని చెయ్యి పట్టుకుని ఆ మూలకు లాక్కుపోయాను.

"నీ మిషన్‌కు ఇట్లాంటి మూల ఎందుకు లేదురా?"

అతను వంగి కుప్పలోంచి ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పాడు. "పెట్టొచ్చు బావా," అన్నాడు.

పెట్టాడు కూడా. తెర కింద, కుడి మూలన, పగిలిన పలకల కుప్ప బొమ్మ! ఒక బిల్లు చెరిపితే అది ఆ కుప్పలోకి పోయింది. కుప్ప మీద నొక్కితే మళ్లీ బయటికి వచ్చింది. కోత దగ్గర వాళ్లనూ చట్రాలు బిగించే వాళ్లనూ పిలిచాను. రాతిపొడి చేతులతోనే వచ్చి అందరూ చూశారు. ప్యాకింగ్ ఆమె తన చేత్తోనే ఒక బిల్లు చెరిపి, తిరిగి తెచ్చి, పకపకా నవ్వింది. ఆ రోజు నాకు అన్నం కూడా సహించలేదు, అంత సంతోషం.

తర్వాత శ్రీశైలం పోతూ దోర్నాలలో ఒక హోటల్ దగ్గర ఆగాను. బిల్లు కొట్టే తెర మీద కుడి మూలన మా పలకలు! పెసరట్లు అమ్మేచోట పలకలెందుకు? యజమానిని అడిగితే, "మాకేం తెలుసన్నా, గిద్దలూరు ఆయన సొంతంగా కనిపెట్టి పెట్టినాడంట," అన్నాడు. తెర మీద మా బావమరిది పేరు పెద్ద అక్షరాలతో ఉంది. నా పేరు చిన్న అక్షరాలతోనైనా లేదు.

తిరుగు బస్సులో తిన్నగా గిద్దలూరు పోయాను. అతను నవ్వాడు.

"ఏంది బావా, ఇట్లాంటిది పెద్ద కంపెనీలోళ్లు ఎప్పుడో పెట్టినారు. వాళ్లలో వాళ్లకే నేను ముందంటే నేను ముందని తగువు. మధ్యలో నువ్వెక్కడ?"

"అట్లయితే నువ్వు మాత్రం సొంతంగా కనిపెట్టినానని దోర్నాలలో ఎట్ల చెప్పినావు?"

నవ్వు ఆగిపోయింది. కాఫీ చెప్పొస్తానని లోపలికి పోయి, కాఫీ పంపించి, తను రాలేదు. ఆ కాఫీ తాగకుండా వచ్చేశాను. మొన్న మా ఇంటి గృహప్రవేశంలో కూడా నేను కూర్చున్న వరుస వదిలేసి పక్క వరుసలో వడ్డించాడు.

పెద్ద కంపెనీల తగువు వాళ్లు తేల్చుకుంటారు. వాళ్ల తెర మీద చెత్తబుట్ట ఉందట, ఉండనీ. పగిలిన పలకల కుప్ప లేదు. అది మా తలుపు పక్కది. ఒరే బావమరిదీ, నాకు డబ్బు వద్దు. ఆ మూల నీకు చూపించింది ఎవరో చెప్పు. ఫ్యాక్టరీకి రా, కుప్ప అక్కడే ఉంది, ఆ రోజు చూసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి నా మాటకు జవాబు చెప్పు.