మా మేనత్తకు సెలైన్ పెట్టిన రోజు

పోయిన వారం మా వారికి పెద్దపేగు పరీక్ష చేయించాల్సి వచ్చి గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. ముందురోజు నుంచి విరేచనాల మందు తాగి వాడిపోయిన ఆయన చేతిని ఒక చిన్న నర్సమ్మ అందుకుని, మాటల్లోనే సూది దించేసి, సెలైన్ తగిలించి వెళ్ళిపోయింది. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ చుక్కల మీంచి చూపు తిప్పుకోలేక, అక్కడే కూర్చుని నా మొదటి ఉద్యోగపు రోజుల్లోకి వెళ్ళిపోయాను.

నేను నర్సుగా చేరిన కొత్తలోనే మా ఆసుపత్రికి ఈ పెద్దపేగు పరీక్ష, కొలనోస్కోపీ, వచ్చింది. ఆ పేరు నోరు తిరగక జనం గొట్టం పరీక్ష అనేవారు. డాక్టరుగారు వారానికొకసారి విజయవాడ నుంచి వచ్చేవారు; ఆయన వచ్చేలోగా, మందు తాగి ఒంట్లో నీరు తగ్గినవాళ్ళకు సెలైన్ ఎక్కించి సిద్ధం చేయడం నా పని. మిరపకోతలు ఆపుకుని వచ్చిన సత్తెనపల్లి వైపు రైతులకైతే సెలైన్ బాటిల్ కనబడగానే సగం ప్రాణం లేచి వచ్చేది, మన వైపు దానిమీద అంత నమ్మకం కదా!

మా మేనత్త అలా తనంతట తాను ఆసుపత్రికి వచ్చే మనిషి కాదు. చీరాలలో మగ్గం నేసేది. పరాయివాళ్ళ ఒళ్ళు ముట్టుకునే ఉద్యోగమేమిటని, నన్ను నర్సింగులో చేర్చేటప్పుడు మా నాన్నతో పోట్లాడింది కూడా. అటువంటి మనిషి నెలల తరబడి విరేచనంలో రక్తం పడుతున్నా సిగ్గుతో దాచుకుని, చివరికి మగ్గం గుంటలోంచి లేవబోయి కళ్ళు తిరిగి పడ్డాక గానీ బయటపడలేదు. నేను వెళ్ళి బతిమాలి, బామాలి ఒప్పించాను.

పరీక్ష రోజు పొద్దున్నే మామయ్యతో బస్సు దిగిన అత్తను చూసి పరుగున వెళ్ళి పట్టుకున్నాను. మందయితే తాగింది గానీ, దారిలో మళ్ళీ ఎక్కడ వెళ్ళాల్సి వస్తుందోనని ఆ తర్వాత గుక్కెడు మంచినీళ్ళు ముట్టుకోలేదట. నిలబెడితే తూలిపోతోంది. బీపీ పడిపోయింది, ఇలా అయితే మత్తు ఇవ్వలేను, సెలైన్ ఎక్కాక కోలుకుంటే సరే, లేకపోతే వచ్చే వారం చూద్దాం అన్నారు డాక్టరుగారు. ఈ పూట వెనక్కి వెళితే అత్త ఇక జన్మలో ఆ గుమ్మం తొక్కదని నాకు తెలుసు.

చేతికి రబ్బరు గొట్టం బిగించి చూస్తే ఒక్క నరమూ పైకి తేలలేదు. ఒక చేతికి గుచ్చితే అందలేదు. రెండో చేతికి గుచ్చితే నరం చిట్లి ఉబ్బింది. మామయ్య తట్టుకోలేకపోయాడు.

"వద్దులేమ్మా, ఇంటికి తీసుకుపోతా. ఇంత బాధ పెట్టి ఏం చేస్తాం?"

అత్త కళ్ళు తెరిచింది.

"నువ్వూరుకో. ఒసేయ్, నువ్వేంటే సూది పక్కన పెట్టేశావు? పోగు తెగిందని మగ్గం దిగిపోతామా? మళ్ళీ పొడువు, నేను కదల్ను."

వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ ఆమె చేతికి చుట్టి, ఆ చేతిని మంచం పక్కకు వేలాడదీసి నరం కోసం తడుముతూ కూర్చున్నాను. కాసేపటికి మణికట్టు పైన సన్నని నరమొకటి వేలికి తగిలింది. ఉన్నవాటిలో చిన్న సూది తీసుకుని నెమ్మదిగా దించాను. వెనక గొట్టంలో ఎర్రగా రక్తం కనబడగానే అరిచేశాను.

"దొరికింది అత్తా!"

"దొరికితే దొరికింది, వార్డంతా వినపడాలా?"

ఒక బాటిల్ ఎక్కి రెండోది సగానికి వచ్చేసరికి అత్త ముఖంలోకి కళ తిరిగింది, బీపీ పుంజుకుంది. డాక్టరుగారు చూసి, "తీసుకురండి సిస్టర్" అన్నప్పుడు నాకు ఏనుగెక్కినంత సంబరమయింది. పేగులో పులిపిరిలా పెరిగిన పాలిప్ కనబడితే అప్పుడే తీసేశారు. వదిలేస్తే ముందు ముందు క్యాన్సరయ్యేదే గానీ ఇంకా కాలేదని రిపోర్టు వచ్చిన రోజున మామయ్య ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చేశాడు.

అత్త మళ్ళీ మగ్గమెక్కింది. చాలా ఏళ్ళు నేసింది. నా ఉద్యోగాన్ని తప్పుపట్టిన ఆ నోటితోనే, మా మేనకోడలు సూది వేస్తే చీమ కుట్టినట్టుంటుందని వీధివీధినా అబద్ధం చెప్పింది. ఆ అబద్ధాన్ని నమ్మి, తనలాగే రోగం దాచుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే చీరాలలో బస్సెక్కి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళలో ఒక్కరినీ నేను సెలైన్ పెట్టకుండా తిప్పి పంపలేదు.

ఇప్పుడు నరం వెతకడానికి కూడా లైట్లు వచ్చాయట. ఈ కాలపు నర్సు పిల్లల చేతుల్లో ఉన్న ఒడుపు ఆ వయసులో నాకు లేదు, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ బాటిల్ ఎక్కినంతసేపూ పక్కన కూర్చుని, మీది ఏ ఊరు, ఈసారి మిరప ఎలా ఉంది, పిల్లలేం చేస్తున్నారని అడిగే తీరిక వాళ్ళకెవరూ మిగల్చలేదు. నా రోజుల్లో మా దగ్గర లేనివి చాలా ఉండేవి గానీ, ఆ తీరిక మాత్రం పుష్కలంగా ఉండేది.